కోరల్ తెల్లబడుతోందా, గోధుమరంగుకు తిరుగుతోందా? రీఫ్ ట్యాంకులో వెలుతురు సమస్యలు, పరిష్కారాలు

రీఫ్ ట్యాంకులో, అంటే ఉప్పునీటి అక్వేరియంలో, కోరల్ (పగడం) రంగు మారిందంటే చాలు, చెయ్యి నేరుగా లైటు కంట్రోలర్ మీదికి పోతుంది. కాసేపు ఆగి కోరల్‌ని దగ్గర నుంచి చూడండి. మార్పు ఎక్కడ మొదలైంది? వెలుతురు నేరుగా పడే పైభాగంలోనా, నీడలో ఉన్న అడుగునా, ఒళ్ళంతా ఒకేసారా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మిగతా సగం గత మూడు వారాల్లో ట్యాంకులో ఏం మార్చారన్న దానిలో ఉంటుంది: లైటు, ట్యూబులు, కోరల్ చోటు, నీటిని శుద్ధి చేసే కార్బన్, ఉప్పు.

పైభాగం తెల్లబడింది, కండ మాత్రం ఊడలేదు

ఇది బ్లీచింగ్. కోరల్ కండలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. అవి వెలుతురుతో తయారుచేసే ఆహారమే కోరల్‌కి ప్రధాన జీవనాధారం. వెలుతురు ఒక్కసారిగా మోతాదు మించితే వాటిలో కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలు పేరుకుపోతాయి, కోరల్ ఆ శైవలాలను బయటికి నెట్టేస్తుంది. మిగిలిన కండ గాజులా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపలి తెల్లటి అస్థిపంజరం కనిపిస్తుంది. కోరల్ చచ్చిపోలేదు, ఆకలితో ఉంది. ఈ తేడా తెలియక బతికున్న కోరల్‌ని పారేసేవాళ్ళు చాలామంది.

కారణాలు వెతికేటప్పుడు ఈ వరసలో చూడండి. కొత్త ఎల్ఈడీ పెట్టారా? ఏడాదిగా వాడిన టీ5 (సన్నటి ఫ్లోరోసెంట్) ట్యూబులన్నీ ఒకే రోజు మార్చారా? పాత ట్యూబులు నెమ్మదిగా మసకబారతాయి, కోరల్ ఆ మసక వెలుగుకే అలవాటుపడి ఉంటుంది. ఫ్రాగ్‌ని (కోరల్ నుంచి కోసిన చిన్న ముక్కని) ఇసుక మీద నుంచి రాయి పైకి ఎక్కించారా? ఎవరూ అనుమానించని కారణం ఇంకొకటుంది: యాక్టివేటెడ్ కార్బన్. నీటిలోని పసుపు ఛాయను కార్బన్ లాగేయగానే, లైటు సెట్టింగు ముట్టుకోకపోయినా కిందికి చేరే నీలి వెలుతురు పెరుగుతుంది. చాలాకాలం కార్బన్ వాడని ట్యాంకులో మొదట సగం మోతాదే వేయండి.

ఒళ్ళంతా ఒకేసారి తెల్లబడితే ముందు థర్మామీటర్ చూడండి. 25–26 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉండాల్సిన నీరు 30కి చేరితే, మామూలు వెలుతురు కూడా కోరల్‌కి ఎక్కువే అవుతుంది.

పరిష్కారం: అదే రోజు తీవ్రతను మూడో వంతు తగ్గించండి, లేదా కోరల్‌ని కిందికి, 50 పార్ (వెలుతురు కొలత, వివరం కింద ఉంది) దగ్గరికి దించండి. లైట్లు పూర్తిగా ఆర్పకండి. కండలో మిగిలిన కొద్దిపాటి శైవలాలు మళ్ళీ పెరగాలంటే వెలుతురు కావాలి. వారానికి రెండు మూడుసార్లు తిండి పెట్టండి: పెద్ద నోరున్న ఎల్‌పీఎస్ రకాలకు (పెద్ద పాలిప్‌లు, అంటే కోరల్‌ని కట్టే చిన్న జీవులు, ఉన్న గట్టి కోరల్) సన్నగా తరిగిన మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి జీవులు), అక్రోపోరా లాంటి ఎస్‌పీఎస్‌కి (చిన్న పాలిప్‌ల గట్టి కోరల్) మెత్తటి పొడి ఆహారం. పెట్టేటప్పుడు పావుగంట పంపులు ఆపండి, మళ్ళీ వేయడం మరిచిపోకండి. రంగు తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఇక్కడ చాలామంది తీవ్రతను అలాగే ఉంచి గంటలు తగ్గిస్తారు. అది తప్పు. 200 పార్ చొప్పున 7.5 గంటలు వేసినా, 150 పార్ చొప్పున 10 గంటలు వేసినా రోజు మొత్తానికి చదరపు మీటరుకు అందేది 5.4 మోల్సే. మొత్తం ఒకటే అయినా మొదటి దానిలో మధ్యాహ్నపు పోటు ఎక్కువ, కోరల్‌ని కాల్చేది ఆ పోటే. తీవ్రత తగ్గించండి, గంటలు 8–10 మధ్య ఉంచండి.

అసలు ఎంత వెలుతురు ఉందో తెలియదు

కంట్రోలర్ మీద కనిపించే శాతం కొలత కాదు. ఒకే 60 శాతం, లైటు 20 సెంటీమీటర్ల ఎత్తులో ఒకలా, 35 సెంటీమీటర్ల ఎత్తులో ఇంకోలా పడుతుంది. ఫోన్‌లోని లక్స్ యాప్‌ని కూడా నమ్మకండి. లక్స్ మనిషి కంటికి తగ్గ లెక్క, కంటికి ఆకుపచ్చ బాగా కనిపిస్తుంది. రీఫ్ లైటు ఎక్కువగా నీలం, అందుకే లక్స్ అంకె చిన్నదిగా వస్తుంది, మనం లైటు ఇంకా పెంచేస్తాం.

కావాల్సింది పార్, అంటే 400–700 నానోమీటర్ల మధ్య కాంతి, సెకనుకు చదరపు మీటరుకు మైక్రోమోల్స్‌లో. నీలాన్ని సరిగా పట్టే, నీటిలో ముంచగల మీటర్‌ని ఒక్క రోజుకు అరువు తెచ్చుకున్నా చాలు. పంపులు ఆపి, లైటు నేరుగా కింద, ట్యాంకు మూలల్లో, రాయి పైన, ఇసుక మీద కొలిచి కాగితం మీద పటం గీసుకోండి. లైటు కింద మధ్యలో ఉన్న అంకె మూలల్లోని దానికి రెట్టింపు ఉండటం మామూలే.

మొదలుపెట్టడానికి, కోరల్ రకాన్ని బట్టి, పార్‌లో ఈ హద్దులు సరిపోతాయి: మష్రూమ్‌లకు 50–100, జోఆంతిడ్‌లు, లెదర్‌లు, యూఫిల్లియాలకు 80–150, మాంటిపోరాకు 150–250, అక్రోపోరాకు 250–350. లైటు అద్దం మీద ఉప్పు పొర పట్టి ఉంటే కొలిచే ముందే తుడవండి. తుడవగానే వెలుతురు పెరుగుతుందని గుర్తుంచుకుని, ఆ మేరకు తీవ్రత తగ్గించండి.

గోధుమరంగుకు తిరిగింది

ఇది బ్లీచింగ్‌కి తలకిందులు. శైవలాలు ఎక్కువై కోరల్ సొంత రంగుల్ని కప్పేస్తున్నాయి. కారణాలు రెండు: వెలుతురు చాలకపోవడం, లేదా చేపల వ్యర్థాలు, మిగిలిన తిండి నుంచి వచ్చే నైట్రేట్, ఫాస్ఫేట్ పేరుకుపోవడం. ముందు నీటిని పరీక్షించండి. నైట్రేట్ 30 పీపీఎం (పదిలక్షల్లో భాగాలు), ఫాస్ఫేట్ 0.2 పీపీఎం దాటి ఉంటే లైటు జోలికి పోకుండా తిండి తగ్గించి, నీరు మార్చి, నురుగుతో వ్యర్థాలు తీసే స్కిమ్మర్ శుభ్రం చేయండి. నీరు బాగుండి పార్ తక్కువైతే వారానికి 5 శాతం చొప్పున పెంచండి. ప్రయాణం చేసి వచ్చిన ఎస్‌పీఎస్ మొదటి కొన్ని వారాలు గోధుమగా ఉండటం సహజం, దాన్ని వదిలేయండి.

రంగు వెలిసి, పాస్టెల్ ఛాయలో ఉంది

పార్ హద్దులోనే ఉండి ఒళ్ళంతా లేతబడితే నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి పడిపోయాయేమో చూడండి. వెలుతురు ఉన్నా శైవలాలకు ఎరువు లేదు. చేపలకు మేత పెంచి నైట్రేట్ 5–10, ఫాస్ఫేట్ 0.03–0.1 మధ్యకి తెండి.

కొమ్మల కొసలు తెల్లగా ఉన్నాయి

భయపడే ముందు భూతద్దంతో చూడండి. కొస మీద కండ నునుపుగా ఉంటే అది ఎదుగుదల, సంతోషించాల్సిన విషయం. కండ లేక అస్థి బయటపడి, నాలుగు రోజుల్లో నాచు పడితే అది కొస కాలడం. ఆల్కలినిటీ (నీరు ఆమ్లాన్ని తట్టుకునే గుణం, దాని కొలమానం డీకేహెచ్) 10–12 డీకేహెచ్‌కి ఎక్కి, పోషకాలు అడుగంటినప్పుడు ఇలా జరుగుతుంది. డోసింగ్ (ఆల్కలినిటీ పెంచే ద్రావణం పోయడం) తగ్గించి 7.5–8.5కి దించండి, రోజుకు 0.5కి మించి మార్చకండి.

అడుగు నుంచి కండ ఊడుతోంది

ఇది వెలుతురు పని కాదు. ఉప్పదనం, ఉష్ణోగ్రత, ఆల్కలినిటీల్లో హెచ్చుతగ్గులు, లేదా కోరల్‌ని తినే చదును పురుగులు దీనికి కారణం. ఊడటం ఆగకపోతే ఆరోగ్యంగా ఉన్న కొమ్మను, ఊడిన గీతకు ఒక సెంటీమీటరు పైన కోసి వేరే ప్లగ్‌కి (కోరల్ ముక్కను నిలిపే చిన్న దిమ్మకి) అంటించండి.

సాగిపోయింది, లేదా ముడుచుకుని తెరవట్లేదు

జోఆంతిడ్ కాడలు పొడుగ్గా సాగితే వెలుతురు కోసం పాకులాట, కొంచెం పైకి జరపండి. లెదర్ కోరల్ ముడుచుకుని మైనం పూసినట్టు మెరుస్తుంటే పైపొర వదులుతోందని అర్థం. నీటి ప్రవాహం కాస్త పెంచి, వారం పది రోజులు ఓపిక పట్టండి.

కొత్త కోరల్ వచ్చిన వారానికే దెబ్బతింటోంది

సంచిని 15–20 నిమిషాలు నీటిపై తేలనివ్వండి. రెండు నీళ్ళ ఉప్పదనం చూడండి, ట్యాంకు 35 పీపీటీ (వెయ్యిలో భాగాలు) దగ్గర ఉండాలి. తేడా ఉంటే సంచి నీటిలో ట్యాంకు నీటిని సెకనుకు 2–3 చుక్కల చొప్పున అరగంట కలపండి. తర్వాత సీసా మీద రాసిన మోతాదులో కోరల్ డిప్‌లో (పురుగులను చంపే ద్రావణంలో) 5–10 నిమిషాలు ముంచి, ట్యాంకు నీటితో కడగండి. పురుగుల గుడ్లు డిప్‌కి చావవు, అందుకే పాత ప్లగ్‌ని తీసేయడం మంచిది. సంచి నీటిని ట్యాంకులో పోయొద్దు.

వెలుతురు అలవాటు దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. ఏ రకమైనా మొదటి వారం 50–75 పార్ ఉన్న ఇసుక మీదే ఉంచండి. అమ్మినవాళ్ళ ట్యాంకులో పార్ ఎంతో కనుక్కుంటే లక్ష్యం తెలుస్తుంది. తర్వాత వారానికి సుమారు 50 పార్ చొప్పున పైకి జరుపుతూ నాలుగైదు వారాల్లో అసలు చోటికి చేర్చండి. కోరల్‌ని కదపడం కుదరకపోతే, అంటే మొత్తం ట్యాంకు మీద కొత్త లైటు పెట్టినప్పుడు, ఫైబర్‌గ్లాస్ దోమల వలను మూడు పొరలుగా లైటు కింద పరిచి నాలుగైదు రోజులకొక పొర తీయండి. లైటు వేడికి వల తగలకుండా ఎడం ఉంచండి.

మొదటి రెండు మూడు రోజులు పాలిప్‌లు బయటికి రాకపోయినా చోటు మార్చకండి. మార్చిన ప్రతిసారీ కోరల్ మళ్ళీ మొదటి నుంచి అలవాటుపడాలి.