హాట్‌స్పాట్ నేటివ్ కోడ్‌లో మూడు లైన్ల ఫిక్స్‌ని రివ్యూ చేసేదెలా

జావాకి ఓపెన్ సోర్స్ రూపమైన ఓపెన్‌జేడీకేకి, అందులోని వర్చువల్ మెషీన్ (వీఎం) హాట్‌స్పాట్‌కి వచ్చే పుల్ రిక్వెస్ట్‌లలో (మార్పుని కలపమని పంపే ప్రతిపాదనల్లో) చిన్నవి చాలానే ఉంటాయి. ఒక నల్ చెక్, ఎవరో మర్చిపోయిన ఒక ఫ్రీ, తప్పు పడిన ఒక ఫార్మాట్ స్ట్రింగ్. చూడగానే బాగానే ఉందనిపిస్తుంది, అప్రూవ్ నొక్కేస్తాం. కానీ చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు. జావా కోడ్‌లో పొరపాటు జరిగితే ఎక్సెప్షన్ వచ్చి లాగ్‌లో కనబడుతుంది. నేటివ్ కోడ్‌లో, అంటే సీ, సీ++లో రాసిన భాగంలో, అదే పొరపాటు మొత్తం ప్రాసెస్‌ని పడగొడుతుంది, లేదంటే ఇంకొకరి మెమరీని పాడుచేసి ఏ సంబంధమూ లేని చోట బయటపడుతుంది. మారినవి మూడు లైన్లే అయినా, వాటి మీదుగా పోయే దారులన్నీ నడిచి చూడాల్సిందే.

ముందు బగ్, తర్వాతే డిఫ్

పుల్ రిక్వెస్ట్ టైటిల్‌లో ఉన్న బగ్ నంబర్ పట్టుకుని బగ్ రిపోర్ట్ తెరవండి. డిఫ్ (మారిన లైన్లు) చూడకముందే అసలు లక్షణం ఏమిటో తెలుసుకోండి. డిఫ్ ముందు చదివితే రాసినవారి వివరణే మన బుర్రలో స్థిరపడిపోతుంది, వేరే కారణం తోచదు.

క్రాష్ అయితే వీఎం వదిలిన హెచ్ఎస్_ఎర్ర్ ఫైల్ (క్రాష్ నివేదిక) జత చేసి ఉంటుంది. అందులో ప్రాబ్లమాటిక్ ఫ్రేమ్ (ఏ ఫంక్షన్‌లో పడింది), సిగ్‌ఇన్ఫో లైన్ (ఏ సిగ్నల్, ఏ అడ్రస్), రిజిస్టర్లు, ఈ మూడూ కలిపి చదవాలి. ఫాల్ట్ అయిన అడ్రస్ సున్నాకి దగ్గరగా, ఉదాహరణకి 0x18 లాగా ఉంటే, నల్ పాయింటర్ లోపలి ఫీల్డ్‌ని ఎవరో చదవబోయారన్నమాట. నల్ చెక్ పెట్టిన ఫిక్స్‌కి అప్పుడు అర్థముంది. డీబగ్ బిల్డ్‌లో రిజిస్టర్ నిండా 'ఏబీ' అనే హెక్స్ బైట్ వరుసగా కనబడితే, విడుదలైపోయిన రిసోర్స్ ఏరియాని (వీఎం తాత్కాలికంగా వాడుకునే మెమరీని) ఇంకా వాడుతున్నారు. 'ఎఫ్1' వరుసగా ఉంటే మాలక్ చేశాక (మెమరీ కేటాయించుకున్నాక) నింపకుండానే చదివారు. ఈ రెండింటికీ నల్ చెక్ మందు కాదు, ఎందుకంటే ఆ పాయింటర్ నల్ కానే కాదు.

లినక్స్ ఎక్స్86-64లో ఒక మోసం ఉంది. 'ఏబీఏబీ...' లాంటి చెల్లని అడ్రస్‌ని తాకితే ప్రాసెసర్ పేజ్ ఫాల్ట్ బదులు జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ ఇస్తుంది. కెర్నల్ దాన్ని సిగ్‌సెగ్వ్‌గానే (చెల్లని మెమరీని తాకారని చెప్పే సిగ్నల్‌గానే) పంపుతుంది గానీ అడ్రస్ దగ్గర సున్నా రాస్తుంది. కోడ్ దగ్గర ఎస్ఐ_కెర్నల్ అని ఉంటుంది. అడ్రస్ సున్నా కనబడింది కదా అని నల్ పాయింటర్ అనుకుని ఫిక్స్ రాసేవాళ్లున్నారు. రిజిస్టర్లు చూడకుండా అలాంటి ఫిక్స్‌ని ఒప్పుకోవద్దు.

ఫంక్షన్ మొత్తం చదవండి

డిఫ్‌లో కనబడే మూడు లైన్ల చుట్టుపక్కల సందర్భం సరిపోదు. బ్రాంచ్‌ని లోకల్‌గా తెచ్చుకుని ఫైల్ తెరిచి, ఫంక్షన్‌లోకి ఎన్ని చోట్ల నుంచి వస్తున్నారు, ఎన్ని చోట్ల రిటర్న్ ఉంది, ప్రతి రిటర్న్ దగ్గర చేతిలో ఏమేం మిగిలి ఉన్నాయి అన్నది కాగితం మీద రాసుకోండి. స్ట్రింగ్ బఫర్, ఫైల్ డిస్క్రిప్టర్, లాక్, లోకల్ రిఫరెన్స్, మాలక్ చేసిన ముక్క, అన్నీ.

చాలా మామూలుగా వచ్చే ఒక రకం ఫిక్స్ తీసుకుందాం. ఒక నేటివ్ మెథడ్ జావా నుంచి పాత్ తీసుకుంటుంది, గెట్‌స్ట్రింగ్‌యూటీఎఫ్‌చార్స్‌తో సీ స్ట్రింగ్ చేసుకుంటుంది, ఓపెన్ చేస్తుంది. ఓపెన్ విఫలమైతే ఐఓఎక్సెప్షన్ విసిరి మైనస్ 1 ఇస్తుంది. ఆ దారిలో స్ట్రింగ్‌ని విడుదల చేయడం మర్చిపోయారు, లీక్. ఫిక్స్‌లో ఒకే ఒక లైన్: ఎర్రర్ దారిలో రిలీజ్‌స్ట్రింగ్‌యూటీఎఫ్‌చార్స్ పిలుపు. ఇందులో చూడాల్సినవి ఇన్ని ఉన్నాయి.

ఆ లైన్ ఎక్సెప్షన్ విసరకముందు పెట్టారా, తర్వాత పెట్టారా? జేఎన్‌యూ_త్రోఐఓఎక్సెప్షన్‌విత్‌లాస్ట్‌ఎర్రర్ తన సందేశాన్ని ఎర్ర్‌నో (చివరి సిస్టమ్ ఎర్రర్ నంబర్) నుంచి తయారు చేసుకుంటుంది. మధ్యలో రిలీజ్ పిలిస్తే లోపల ఫ్రీ జరుగుతుంది. లినక్స్ సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో 2.33 నుంచి ఫ్రీ ఎర్ర్‌నోని కాపాడుతుంది గానీ, అన్ని లైబ్రరీలూ అంతే అనుకుని కోడ్ రాయకూడదు. పైగా సందేశంలో ఆ పాత్‌నే వాడుతుంటే, ముందు విడుదల చేయడమంటే విడుదలైన మెమరీని చదవడమే. కాబట్టి ముందు విసరాలి, తర్వాత విడుదల చేయాలి. ఎక్సెప్షన్ పెండింగ్‌లో ఉండగా రిలీజ్ ఫంక్షన్లు పిలవడానికి జేఎన్ఐ (జావాకీ నేటివ్ కోడ్‌కీ మధ్య ఇంటర్‌ఫేస్) నియమాలు ఒప్పుకుంటాయి, ఆ భయం అక్కర్లేదు. ఏ కారణంచేతనైనా వరుస మార్చలేకపోతే ఎర్ర్‌నోని లోకల్ వేరియబుల్‌లో దాచుకోమనండి.

స్ట్రింగ్ తీసుకునే పిలుపే నల్ ఇస్తే? అప్పటికే అవుట్‌ఆఫ్‌మెమరీఎర్రర్ పెండింగ్‌లో ఉంటుంది. ఊరికే రిటర్న్ అయితే చాలు, మళ్లీ ఇంకో ఎక్సెప్షన్ విసరకూడదు.

తీసుకున్న ఫంక్షన్‌కీ విడుదల చేసే ఫంక్షన్‌కీ జత కుదిరిందా? జేఎన్‌యూ_గెట్‌స్ట్రింగ్‌ప్లాట్‌ఫామ్‌చార్స్‌తో తీసుకున్నదాన్ని జేఎన్‌యూ_రిలీజ్‌స్ట్రింగ్‌ప్లాట్‌ఫామ్‌చార్స్‌తోనే వదలాలి. పక్క ఫంక్షన్ నుంచి కాపీ చేసిన ఫిక్స్‌లలో ఈ జత తప్పడం మామూలే.

ఇక అదే ఫంక్షన్‌లో మిగతా రిటర్న్‌లు. ఒక దారి బాగుచేసినవాళ్లు పక్క దారి వదిలేస్తారు. ఎర్రర్ దారులు మూడో నాలుగో ఉంటే ఒకే క్లీనప్ లేబుల్‌కి గోటూ వేయమనడంలో తప్పులేదు, సీ కోడ్‌లో అదే శుభ్రం. డిస్క్రిప్టర్ మూసేచోట 'సున్నా కంటే ఎక్కువైతే' అని షరతు ఉంటే ఆపండి, సున్నా కూడా చెల్లే డిస్క్రిప్టరే. క్లోజ్‌ని రీస్టార్టబుల్ మాక్రోలో (సిగ్నల్ వల్ల ఆగితే మళ్లీ పిలిచేదానిలో) చుట్టి ఉంటే అదీ తప్పే. లినక్స్‌లో క్లోజ్ సిగ్నల్ వల్ల మధ్యలో ఆగినా డిస్క్రిప్టర్ అప్పటికే విడుదలైపోయి ఉంటుంది. రెండోసారి పిలిస్తే, ఈలోగా అదే నంబర్ దక్కించుకున్న ఇంకో థ్రెడ్ ఫైల్ మూతపడుతుంది.

ఒక్క లైన్ ఫిక్స్‌కి ఇంత పరిశీలన ఎందుకని కొందరు విసుక్కుంటారు. ఎర్రర్ దారులు రోజూ నడిచేవి కావు, టెస్టులు కూడా అటు పోవు. వాటిని శ్రద్ధగా చదివేది రివ్యూయర్ ఒక్కరే.

జేఎన్ఐ నియమాలు

పెండింగ్ ఎక్సెప్షన్‌తో పిలవదగ్గ జేఎన్ఐ ఫంక్షన్లు కొన్నే: ఎక్సెప్షన్‌ని తనిఖీ చేసేవి, తుడిచేవి, రిలీజ్ కుటుంబం, రిఫరెన్స్‌లు తొలగించేవి, మానిటర్‌ఎగ్జిట్, లోకల్ ఫ్రేమ్ తోసేవి తీసేవి, ఇంకా ఒకటీ అరా. ఫైండ్‌క్లాస్, గెట్‌మెథడ్‌ఐడీ, కాల్ రకాలు వీటిలో లేవు. కాబట్టి కొత్తగా చేర్చిన ప్రతి జేఎన్ఐ పిలుపు పైన ఏ పిలుపు ఉందో, అది విఫలమైతే ఎటు పోతుందో వెతకండి. టెస్ట్‌ని ఎక్స్‌చెక్:జేఎన్ఐ ఆప్షన్‌తో ఒకసారి నడిపితే ఈ రకం తప్పులు చాలావరకు హెచ్చరికలుగా బయటపడతాయి.

లూప్‌లో లోకల్ రిఫరెన్స్‌లు పుడుతుంటే ప్రతి చుట్టులో తొలగిస్తున్నారో లేదో చూడండి. స్పెసిఫికేషన్ హామీ ఇచ్చేది 16కే. క్లాస్‌ని స్టాటిక్ వేరియబుల్‌లో దాచుకుంటే అది గ్లోబల్ రిఫరెన్స్ అయ్యుండాలి, ఆ గ్లోబల్ తీసుకోవడం కూడా నల్ ఇవ్వొచ్చు. గెట్‌ప్రిమిటివ్‌ఎరేక్రిటికల్‌కీ దాని రిలీజ్‌కీ మధ్య వేరే జేఎన్ఐ పిలుపు గానీ, థ్రెడ్‌ని ఆపేసే సిస్టమ్ కాల్ గానీ ఉండకూడదు. 'ఎర్రర్ అయితే ఎక్సెప్షన్ విసురుదాం' అని ఆ మధ్యలో ఒక లైన్ చేర్చడం సదుద్దేశంతో చేసే తప్పు. ఎరే విడుదల చేసేటప్పుడు ఇచ్చే మోడ్ కూడా చూసుకోండి. జేఎన్ఐ_కమిట్ ఇస్తే డేటా వెనక్కి కాపీ అవుతుంది గానీ బఫర్ విడుదల కాదు.

వీఎం లోపలి సీ++

హాట్‌స్పాట్‌లోనే మార్పు అయితే ముందు చెక్ మాక్రో మీద కన్నేయండి. పిలుపు చివర చెక్ అని రాస్తే, ఎక్సెప్షన్ ఉంటే రిటర్న్ అయ్యే ఒక ఇఫ్ స్టేట్‌మెంట్ అదనంగా విచ్చుకుంటుంది. ఒక పిలుపు అనుకున్నది అనేక స్టేట్‌మెంట్లు అవుతుంది. అందుకే బ్రేసులు లేని ఇఫ్ కింద దాన్ని వాడితే పిలుపు మాత్రమే ఇఫ్ కిందకి వస్తుంది, తనిఖీ బయట పడుతుంది. రిటర్న్ స్టేట్‌మెంట్‌లోనే చెక్_నల్ పెడితే తనిఖీ అసలు అమలే కాదు, అప్పటికే ఫంక్షన్ బయటికి వెళ్లిపోయింది. కంపైలర్ మీద భారం వేయకుండా రివ్యూలోనే పట్టుకోండి.

తర్వాత ఊప్‌లు, అంటే వీఎం లోపల జావా ఆబ్జెక్ట్‌లని చూపే పాయింటర్లు. ఒక ఊప్‌ని లోకల్‌లో పట్టుకుని, మధ్యలో సేఫ్‌పాయింట్‌కి (వీఎం జావా థ్రెడ్లన్నీ ఆపే చోటుకి) అవకాశమిచ్చే పిలుపు చేసి, మళ్లీ అదే ఊప్‌ని వాడితే, ఈలోపు చెత్త సేకరణ ఆ ఆబ్జెక్ట్‌ని వేరే చోటికి జరిపి ఉండొచ్చు. ఎలొకేషన్, ఎక్సెప్షన్ విసరడం, జావా పిలుపు, కొన్ని లాక్‌లు తీసుకోవడం, ఇవన్నీ అలాంటి చోట్లే. ఫిక్స్‌లో ఒక లాగ్ లైనో ఎక్సెప్షనో కొత్తగా చేరితే దానికి ముందూ వెనకా ఉన్న ఊప్‌లన్నీ హ్యాండిల్‌లో (ఆబ్జెక్ట్ జరిగినా సరైన అడ్రస్ ఇచ్చే చుట్టులో) ఉన్నాయో లేదో చూడాలి. ఫాస్ట్‌డీబగ్ బిల్డ్‌లో చెక్‌అన్‌హ్యాండిల్డ్‌ఊప్స్ ఫ్లాగ్ పెట్టి నడిపితే ఇలాంటివి త్వరగా బయటపడతాయి.

రిసోర్స్‌మార్క్ (తన పరిధి ముగియగానే రిసోర్స్ ఏరియా మెమరీని వదిలేసేది) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గమనించండి. సింబల్ (వీఎం దాచుకునే పేరు) మీద యాజ్_సీ_స్ట్రింగ్ పిలిస్తే వచ్చే స్ట్రింగ్ ఆ మార్క్ బతికున్నంత వరకే. 'రిసోర్స్‌మార్క్ లేదని అసర్ట్ వస్తోంది' అని లోపలి ఫంక్షన్‌లో ఒక మార్క్ చేర్చి, ఆ స్ట్రింగ్‌నే రిటర్న్ చేస్తే అసర్ట్ పోతుంది, దాని చోట పాడైన స్ట్రింగ్ వస్తుంది. మార్క్‌ని పిలిచినవారి దగ్గర పెట్టమనండి.

ఓఎస్::మాలక్‌తో తెచ్చిన మెమరీని ఓఎస్::ఫ్రీతోనే వదలాలి. నేటివ్ మెమరీ ట్రాకింగ్ ఆన్‌లో ఉంటే ముందు ఒక హెడర్ చేరుతుంది, మామూలు ఫ్రీకి ఇచ్చే పాయింటర్ అప్పుడు తప్పుడు పాయింటర్ అవుతుంది. ట్రాకింగ్ ఆఫ్‌లో ఉన్న మెషీన్‌లో అంతా సవ్యంగా నడుస్తుంది కాబట్టి దీన్ని టెస్ట్ పట్టుకుంటుందని ధీమా వద్దు.

రేస్‌కి (థ్రెడ్ల వరుస తప్పితే వచ్చే బగ్‌కి) ఫిక్స్ అంటూ వోలటైల్ మాత్రమే చేర్చి ఉంటే ఒప్పుకోకండి. రాసేవైపు రిలీజ్_స్టోర్, చదివేవైపు లోడ్_అక్వైర్ జతగా ఉండాలి, ఒకవైపు మాత్రమే పెడితే ప్రయోజనం లేదు. ఎక్స్86 మెమరీ క్రమం గట్టిది కాబట్టి అక్కడ కనబడని రేస్ ఏఆర్చ్64 (64 బిట్ ఆర్మ్)లో కనబడుతుంది. ఆ మెషీన్‌లో నడిపారా అని అడగండి.

సైజు లెక్కలు త్వరగా చూసేయొచ్చు. జేఇంట్‌ని (జావా 32 బిట్ ఇంట్‌ని) రెండుతో గుణించి మాలక్‌కి ఇస్తే ఓవర్‌ఫ్లో వస్తుందా? రీఅలోక్ ఫలితాన్ని అదే పాయింటర్‌కి ఇస్తున్నారా? ఇస్తే, విఫలమైనప్పుడు పాతది లీకే. ఐబీఎం వారి యూనిక్స్ ఏఐఎక్స్‌లో మాలక్‌కి సున్నా ఇస్తే నల్ వస్తుంది, దాన్ని మెమరీ అయిపోయిందని అర్థం చేసుకోకూడదు. 64 బిట్ విండోస్‌లో లాంగ్ 32 బిట్లే. జియో_ఎస్ఎన్‌ప్రింటెఫ్ స్ట్రింగ్ పట్టకపోతే మైనస్ 1 ఇస్తుంది, ఓఎస్::ఎస్ఎన్‌ప్రింటెఫ్ పట్టాల్సిన పొడవు ఇస్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టిన ఫిక్స్‌లో కింది షరతు కూడా మారాలి.

తోబుట్టువు ఫైళ్లు

ఓఎస్_లినక్స్‌లో బాగుచేసిన బగ్ ఓఎస్_బీఎస్‌డీలో, ఓఎస్_ఏఐఎక్స్‌లో అచ్చంగా అలాగే ఉండొచ్చు. మాక్ఓఎస్ వాడేది ఆ బీఎస్‌డీ ఫైలే. ఫంక్షన్ పేరు, ఆపై తప్పు ఉన్న ఎక్స్‌ప్రెషన్, రెండూ గ్రెప్‌తో వెతకండి. దొరికితే అదే పుల్ రిక్వెస్ట్‌లో బాగుచేయమనడమా, వేరే బగ్ తెరవమనడమా అన్నది నిర్ణయించుకోవాల్సి వస్తుంది. అదే తప్పు, అదే మందు అయితే ఇక్కడే చేయించండి. కొంచెం తేడా ఉన్నా వేరే బగ్ మేలు.

బిల్డ్ చేసి నడపండి

కాన్ఫిగర్‌కి డీబగ్ లెవెల్ ఫాస్ట్‌డీబగ్ అని చెప్పి బిల్డ్ చేయండి. రిలీజ్ బిల్డ్‌లో అసర్ట్‌లు ఉండవు, దానితో రివ్యూ చేసి ఉపయోగం తక్కువ. మెమరీకి సంబంధించిన ఫిక్స్ అయితే ఎనేబుల్-ఏశాన్ (మెమరీ తప్పులు పట్టే అడ్రస్‌శానిటైజర్) ఆప్షన్‌తో ఇంకో బిల్డ్ చేసుకోండి.

టెస్ట్ ఉంటే మొదట ఫిక్స్ తీసేసి నడపాలి. అప్పుడు ఫెయిల్ కావాలి. ఫిక్స్ లేకుండానే పాసయ్యే టెస్ట్ దేన్నీ నిరూపించదు. తర్వాత ఫిక్స్‌తో నడపండి. అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే బగ్ అయితే జేటీరెగ్‌కి (జేడీకే టెస్టులు నడిపే సాధనానికి) రిపీట్_కౌంట్ ఇచ్చి 50 సార్లయినా తిప్పండి, మొదటి ఫెయిల్ దగ్గర అదే ఆగుతుంది. వీఎం లోపలి చిన్న ఫంక్షన్లకి జీటెస్ట్ (సీ++ యూనిట్ టెస్ట్) సులువు. చివరికి టియర్1, అంటే మొదటి అంచె టెస్టులు. టెస్ట్ రాయడం నిజంగా కుదరకపోతే బగ్ మీద నోరెగ్ (రిగ్రెషన్ టెస్ట్ ఎందుకు లేదో చెప్పే) లేబుల్‌లలో సరైనది పడాలి. 'నోరెగ్-హార్డ్' అని పెట్టినప్పుడు ఎందుకు కష్టమో ఒక వాక్యం రాయమని అడగండి.

వ్యాఖ్యలు, అప్రూవల్

వ్యాఖ్య రాసేటప్పుడు తప్పక మార్చాల్సినది ఏది, మీ ఇష్టానికి వదిలేసేది ఏది అన్నది విడగొట్టి చెప్పండి. కొత్తవారికి ఆ తేడా తెలియక ప్రతి సూచననూ ఆజ్ఞ అనుకుంటారు, మూడు లైన్ల ఫిక్స్ ముప్పై లైన్లు అవుతుంది. పేర్ల మార్పులు, పక్క ఫంక్షన్ల శుభ్రం, ఇండెంటేషన్ సరిచేయడం ఇందులో కలపనివ్వకండి. ఈ ఫిక్స్‌ని రేపు ఎవరో పాత వెర్షన్లయిన జేడీకే 21కో 17కో బ్యాక్‌పోర్ట్ చేస్తారు. డిఫ్ చిన్నగా ఉంటేనే అది ఘర్షణ లేకుండా దిగుతుంది.

హాట్‌స్పాట్ మార్పులకి ఇద్దరి రివ్యూ కావాలి, వారిలో ఒక్కరైనా ప్రాజెక్ట్ ఇచ్చే రివ్యూయర్ హోదాలో ఉండాలి. వేర్వేరు టైమ్ జోన్ల వాళ్లు చూసేందుకు 24 గంటలు ఆగాలి. మార్పు ట్రివియల్ (అతి సామాన్యం) అయితే ఈ రెండూ సడలుతాయి, కానీ అది ట్రివియల్ అని రివ్యూయర్ కూడా ఒప్పుకోవాలి. కామెంట్‌లో అక్షరదోషం, బిల్డ్ ఆగిపోయినప్పుడు ఒక ఇన్‌క్లూడ్ చేర్చడం లాంటివి ట్రివియల్. ఎర్రర్ దారిలో వరుస మార్చేది ఒక్క లైనే అయినా ట్రివియల్ కాదు.

అప్రూవ్ చేశాక ఇంకో కమిట్ వస్తే మళ్లీ చూడాలి, ఇంక్రిమెంటల్ డిఫ్ చాలు. ఫోర్స్ పుష్ చేయొద్దని ముందే చెప్పండి, చేస్తే పాత వ్యాఖ్యలు ఏ లైన్ మీదవో తెలియకుండా పోతాయి. రాసినవారు కమిటర్ (కోడ్‌ని తామే కలపగల హోదా ఉన్నవారు) కాకపోతే వారు ఇంటిగ్రేట్ కమాండ్ ఇచ్చాక ఎవరో ఒకరు స్పాన్సర్ చేయాలి. అది మీరే అయితే ఆ కమాండ్ టైప్ చేసేముందు మూడు చూసుకోండి: చివరి కమిట్ మీరు అప్రూవ్ చేసినదేనా, ఆటోమేటిక్ బిల్డ్‌లలో విండోస్, మాక్‌తో సహా అన్నీ పచ్చగా ఉన్నాయా, కాపీరైట్ లైన్‌లో రెండో సంవత్సరం మారిందా.