బైక్ హ్యాండిల్ మార్చే ముందు జాగ్రత్తలు

బండి నడిపితే వచ్చే నడుం నొప్పికి ప్రతిసారీ హ్యాండిలే కారణం కాదు. ముందు సీటు, ఫుట్‌రెస్టులు చూసుకోండి.

కొనేముందు పాత హ్యాండిల్‌ను క్లాంపు (హ్యాండిల్‌ను బండికి పట్టి ఉంచే బిగింపు) దగ్గర కొలవండి. 22 మిల్లీమీటర్ల గొట్టం 28.6 మిల్లీమీటర్ల క్లాంపులో నిలవదు.

సీటుపై మామూలుగా కూర్చుని చేతులు చాపండి. మోచేతులు కాస్త వంగి, మణికట్లు తిన్నగా ఉండేచోటికి గ్రిప్పులు రావాలి. అందం సంగతి తర్వాత.

ఎత్తు పెంచితే క్లచ్ కేబుల్, బ్రేక్ గొట్టం, వైర్లు చాలుతాయా? అసలు ప్రమాదం ఇక్కడే. బిగించాక బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. ఇంజిన్ హోరు పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటున్నట్టే, రోడ్డెక్కకండి. వేళ్లు ట్యాంకుకు తగిలి నలగకూడదు. యాక్సిలరేటర్ వదలగానే టక్కున వెనక్కి రావాలి.