డాస్ గేమ్స్ మళ్లీ ఆడదాం – 2వ పాఠం: స్పీడు, సౌండు, బొమ్మ

పోయిన పాఠంలో పాత గేమ్స్ అమ్మే సైటు గాగ్ డాట్ కామ్‌లో ఖాతా తెరిచి, ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ (1994) ఉచితంగా తీసుకోమన్నాను కదా. ఆడారా? ఇప్పుడు అది ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్ తెరవండి. లోపల స్కమ్‌వీఎం అనే ప్రోగ్రాం కనిపిస్తుంది, గేమ్‌ని నడిపిస్తున్నది అదే. గాగ్‌లో కొనే డాస్ (విండోస్‌కి ముందు కంప్యూటర్లని నడిపిన సిస్టమ్) గేమ్స్‌లో చాలావాటికి ఆ పని డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాం చేస్తుంది. ఇప్పటి 64 బిట్ విండోస్ మీద డాస్ కాలం నాటి 16 బిట్ ప్రోగ్రాములు అసలు తెరుచుకోవు, అందుకే డాస్‌బాక్స్ సౌండ్ కార్డుతో సహా ఒక పాత కంప్యూటర్‌నే మన కంప్యూటర్‌లో తయారుచేసి పెడుతుంది.

ముందు స్పీడు. 386 అనే పాత ప్రాసెసర్ మీద మామూలుగా నడిచిన గేమ్ ఇప్పుడు పరుగులు పెడుతుంటే కంట్రోల్ పట్టుకుని ఎఫ్11 నొక్కండి, తగ్గుతుంది. నత్తనడక నడుస్తుంటే ఎఫ్12. విండో పైన పట్టీలో సైకిల్స్ అని ఒక అంకె ఉంటుంది, చాలా పాత గేమ్స్‌కి అది 3000 దగ్గర మొదలవుతుంది. ఒక్కో నొక్కుకీ ఆగి, మనిషి నడక చూసి, కుదిరిన అంకెని కాగితం మీద రాసుకోండి. తర్వాత దాన్నే డాస్‌బాక్స్ సెట్టింగ్స్ ఫైల్లో సైకిల్స్ అన్న లైన్లో పెట్టేస్తే రోజూ ఈ తిప్పలుండవు.

ఎక్కువమంది వదిలేసి వెళ్లిపోయేది సౌండు దగ్గరే, నాకు బాధనిపించేదీ అదే, ఎందుకంటే పని రెండు నిమిషాలది. గేమ్ ఫోల్డర్లో సెటప్ అనే ప్రోగ్రాం ఉంటుంది, గేమ్ కన్నా ముందు దాన్ని నడపండి. కార్డు ఏదని అడిగితే సౌండ్ బ్లాస్టర్, అడ్రస్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అని ఎంచుకోండి (ఇవి గేమ్ ఆ కార్డుతో మాట్లాడే దారుల నంబర్లు). డాస్‌బాక్స్ మామూలుగా పెట్టుకునే అంకెలివే. ఐఆర్‌క్యూ 5 అని పెడితే సంగీతం వినిపించినా తుపాకీ పేలుడు వినిపించకపోవచ్చు, అప్పుడు ముందు చూడాల్సింది ఆ అంకెనే.

బొమ్మ సంగతి చిన్నదే. 320x200 బొమ్మని అప్పటి మానిటర్ నిలువుగా సాగదీసి చూపించేది, ఇప్పుడు సాగదు కాబట్టి మనుషులు పొట్టిగా, గుండ్రటివి కోడిగుడ్డులా కనిపిస్తాయి. సెట్టింగ్స్‌లో ఆస్పెక్ట్ అన్నచోట ట్రూ అని పెట్టండి.

కొనేటప్పుడు ఒక్కటి మాత్రం మరిచిపోకండి, ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ డౌన్‌లోడ్ చేసి వేరే డిస్కులో దాచుకోండి. లాగిన్ ఉంటేనే తెరుచుకునే గేమ్ ఒకటి డబ్బు పెట్టి కొన్నాను, అమ్మిన సైటు మూతపడింది, దాంతో గేమూ పోయింది. గాగ్‌లో ఇన్‌స్టాలర్ మన చేతికిస్తారు, నడవకపోతే 30 రోజుల్లోపు డబ్బు వెనక్కి అడగొచ్చు.

ఇంటిపని: 1993 నాటి డూమ్ షేర్‌వేర్ భాగం, అంటే మొదటి 9 లెవెల్స్, ఉచితం. దింపుకుని సెటప్‌లో పై అంకెలు పెట్టి, మొదటి తలుపు తెరుచుకునే చప్పుడు వినిపించేదాకా వదలకండి. వచ్చే పాఠంలో మౌస్, సేవ్ ఫైళ్లు.