టేప్ బ్యాకప్ నత్తనడక నడుస్తోందా? డ్రైవ్‌ని తర్వాత తిడుదురు గానీ, ముందు డిస్క్‌ని కొలవండి

లక్షణం: సెకనుకు 360 ఎంబీ రాయగల ఫుల్ హైట్ (పెద్ద సైజు) ఎల్‌టీఓ-8 టేప్ డ్రైవ్ 30, 40 దగ్గరే కొట్టుకుంటుంది. రాత్రి మొదలైన జాబ్ తెల్లారినా తెమలదు. చెవి పెట్టి వినండి: ఏకధాటిగా సాగాల్సిన హోరు ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ మొదలవుతుంటుంది.

ఇది వినగానే అందరూ క్లీనింగ్ క్యాట్రిడ్జ్ తోస్తారు. డ్రైవ్ అడగనిదే ఆ పని చేయకండి, హెడ్ అరుగుతుంది.

టేప్ సంగతి పక్కనపెట్టి, డేటా ఉన్న డిస్క్ ఎంత వేగంగా ఇస్తోందో చూడండి. టార్‌తో (లినక్స్‌లో ఫైళ్లని ఒకటిగా కట్టే కమాండ్) చదివించి, పైపులో పీవీ (వేగం చూపించే టూల్) మీదుగా డెవ్ నల్‌లోకి (ఏం రాసినా పారేసే చోటు) పంపితే సరి. పైపు మానేసి గ్నూ టార్‌కి నేరుగా డెవ్ నల్‌నే అవుట్‌పుట్‌గా ఇచ్చారో, మోసపోయినట్టే. అది ఫైళ్ల లోపలి డేటా చదవనే చదవదు. క్షణాల్లో ముగించేస్తే డిస్క్ భేషుగ్గా ఉందనుకుంటారు. చదివిన ఫోల్డర్‌నే మళ్లీ కొలిచినా అంతే, వచ్చేది ర్యామ్ వేగం.

కారణం: ఈ డ్రైవ్ తన వేగాన్ని సుమారు 110 ఎంబీ దాకా తగ్గించుకోగలదు. డేటా అంతకన్నా నెమ్మదిగా వస్తే డ్రైవ్‌లోని బఫర్ (తాత్కాలిక మెమరీ) ఖాళీ అవుతుంది, టేప్ ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ వెనక్కెళ్లి చోటు పట్టుకోవడానికి కొన్ని సెకన్లు పోతాయి. చాలామంది గమనించనిది కంప్రెషన్. డేటా సగానికి కుదిస్తే టేప్ ఆగకుండా ఉండటానికి 110 చాలదు, 220 కావాలి. ఒక గిగాబిట్ నెట్‌వర్క్ ఇచ్చేదే 110 చిల్లర. ఇక లక్షల చిన్న ఫైళ్లున్న ఫోల్డరైతే మంచి రెయిడ్ (కలిపి వాడే డిస్క్‌ల గుంపు) కూడా చతికిలబడుతుంది.

పరిష్కారం: బ్యాకప్ ముందు ఎస్‌ఎస్‌డీ మీద పడాలి, అక్కణ్నుంచి టేప్‌కి వెళ్లాలి. బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో డేటా స్పూలింగ్ (ఇలా ముందు డిస్క్ మీద పోగేయడం) ఆన్ చేస్తే చాలు. స్పూల్‌కి వేరే ఎస్‌ఎస్‌డీ ఇవ్వండి, సోర్స్ డిస్క్‌నే వాడితే మళ్లీ మొదటికే వస్తుంది. టార్ వాడేవాళ్లు మధ్యలో ఎంబఫర్ (డేటాని మెమరీలో పోగేసే టూల్) పెట్టి, 8 జీబీ ఇచ్చి, 90 శాతం నిండాకే రాయడం మొదలెట్టమనండి. దీంతో టేప్ మాటిమాటికీ ఆగడం తగ్గుతుంది, నెమ్మది డిస్క్ మాత్రం వేగం పుంజుకోదు. బ్లాక్ సైజు (టేప్ మీద ఒక్కసారికి రాసే ముక్క) 64 కేబీ ఉంటే 256 చేయండి, ఆ టేప్ నుంచి ఒక ఫైల్ రీస్టోర్ చేసి చూశాకే పాత సైజు వదలండి.

యాంటీవైరస్ అడ్డుపడటం, రెయిడ్ కార్డుకే డ్రైవ్ తగిలించడం, అరిగిన టేప్ అరుదు. పీవీలో 300 కనబడుతూ, కొత్త టేప్ వేసినా వేగం రాకపోతేనే శాస్ కేబుల్ (డ్రైవ్‌ని సర్వర్‌కి కలిపేది) మార్చి, అప్పటికీ కాకపోతే సర్వీసువాళ్లకి ఫోన్ చేయండి.