మిరుగు రాకముందే ఎమర్జెన్సీ లైట్లు చూసుకోండి

కరెంటు పోగానే దానంతటదే వెలగాల్సిన ఎమర్జెన్సీ లైటు బ్యాటరీ ఎండాకాలంలో చస్తుంది, ఆ సంగతి మనకు వానాకాలంలో తెలుస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగం పడిపోతుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో రేకుల కింద వేలాడిన బ్యాటరీ గతేంటో వరంగల్, రామగుండం వాళ్లకు వేరే చెప్పాలా! ఆ వెంటనే మిరుగు (మృగశిర కార్తె) గాలిదుమారాలు, తెగిపడే వైర్లు, పైగా ఆషాఢం సేల్ రద్దీ. హన్మకొండ చౌరస్తాలో బట్టల షాపు ఉన్నా, నక్కలగుట్టలో కోచింగ్ సెంటర్ నడుపుతున్నా మే నెలాఖరులో ఒక రాత్రి దీనికి పెట్టుకోండి.

లైటు మీద ఎర్ర బుగ్గ వెలుగుతోందంటే చార్జింగ్ అందుతోందని మాత్రమే. టెస్ట్ బటన్ నొక్కి చూసి సంబరపడొద్దు. ఐదు నిమిషాలకు ఆరిపోయే లైటు కూడా ఆ క్షణానికి ధగధగా వెలుగుతుంది. జనం వెళ్లిపోయాక ఒక్కో ఫ్లోర్‌లో లైట్ల ఎంసీబీ (బోర్డులో ట్రిప్ అయ్యే స్విచ్) దించి, టైము చూసుకుంటూ ఉండండి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం 5 సెకన్లలో వెలగాలి, కనీసం గంటన్నర ఆగకూడదు, బయటికి పోయే దారి నడిమధ్యన నేల మీద 10 లక్స్ (వెలుతురు కొలత) వెలుతురు పడాలి. గంటన్నర పరీక్ష తర్వాత బ్యాటరీ మళ్లీ నిండడానికి ఒక రోజు పట్టొచ్చు కాబట్టి, మర్నాడు షాపు సెలవైతే మంచిది. ఇది ఏడాదికోసారి చాలు, ఎంసీబీ కాసేపు దించి చూసే చిన్న పరీక్ష మాత్రం నెలనెలా చేయాలి.

మెయిన్ కాకుండా లైట్ల ఎంసీబీయే దించమనడానికి కారణం ఉంది. చాలాచోట్ల ఈ లైట్లను దగ్గర్లోని ప్లగ్‌కు తగిలిస్తారు. గదిలో లైట్ల లైను ఒక్కటే ట్రిప్ అయితే ప్లగ్‌లో కరెంటు ఉంటుంది కాబట్టి ఎమర్జెన్సీ లైటు వెలగదు, గది మాత్రం చీకటి. అది ఆ గది లైట్ల సర్క్యూట్ మీదే, స్విచ్ లేకుండా ఉండాలి. ప్లగ్‌కు ఉంటే ఇంకో తంటా: ఎవరో ఒకరు దాన్ని పీకి ఫోను పెట్టుకుంటారు.

“మాకు ఇన్వర్టర్ ఉంది కదా” అనే ఓనర్లే ఎక్కువ. ఇన్వర్టర్ ఎక్కడుంది? సెల్లార్‌లో. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు వరంగల్, హన్మకొండ కాలనీలు ఎలా మునిగాయో చూశాం. సెల్లార్‌లోకి నీళ్లొస్తే ముందు పోయేది ఇన్వర్టరే. మంటలొచ్చి దాని వైరు కాలినా బిల్డింగంతా చీకటే. మెట్ల దగ్గర మాత్రం సొంత బ్యాటరీ ఉన్న లైట్లే పెట్టండి. నీళ్లు నిండిన సెల్లార్‌లో స్విచ్ కట్టేయడానికి ఎవరినీ దింపకండి, 1912కు ఫోన్ చేసి సప్లయి ఆపించండి.

ఇక గదుల సంగతి. కిటికీ లేనివి ముందు చూడండి: ట్రయల్ రూములు, స్కానింగ్ గది, గదిలోంచి వెళ్లే లోపలి గది, జనరేటర్ గది, ప్యానెల్ బోర్డు గది. కరెంటు పోతే చూడాల్సిన బోర్డు దగ్గరే లైటు లేని బిల్డింగులు కోకొల్లలు. బ్రిటిష్ ప్రమాణాల్లో 60 చదరపు మీటర్లు దాటిన హాలుకూ, 8 దాటిన టాయిలెట్‌కూ ఎమర్జెన్సీ లైటు కావాలి. ఆ కొలత మనమూ పట్టుకోవచ్చు, చిన్న టాయిలెట్‌కైనా ఒకటి పెడితే పోయేదేం లేదు.

ఆకుపచ్చ ఎగ్జిట్ బోర్డు దారి చూపుతుందే కానీ మెట్టు చూపదు, పక్కన లైటు కావాలి. సేల్ ఫ్లెక్సీలు, శ్రావణం పెళ్లిళ్ల డెకరేషన్ పరదాలు ముందు కప్పేసేది ఆ బోర్డునే. చీర కట్టల అట్టపెట్టెలు మెట్ల మీద ఉంటే ఎంత వెలుతురున్నా జనం దిగలేరు.

కొత్త బ్యాటరీ కొంటే తయారీ నెల చూసి తీసుకోండి. ఏడాదిగా గోదాములో మగ్గినదాన్ని డిస్కౌంట్ మీద అంటగడతారు. పెట్టిన తేదీ లైటు మీదే మార్కర్‌తో రాయించండి.