డాక్టర్లు లేనిచోట మనసు వైద్యం ఎలా మొదలుపెట్టాలి: డిక్సన్ చిబాండా బల్ల నుంచి నేర్చుకోవాల్సింది

జింబాబ్వే సైకియాట్రిస్ట్ డిక్సన్ చిబాండా గురించి వెతికితే మొదట దొరికేవి కళ్లు చెమర్చే వీడియోలే. చెట్టు నీడ, చెక్క బల్ల, దాని మీద ఓ అవ్వ, పక్కన తలవంచుకుని కూర్చున్న మనిషి. క్లినిక్ బయట బల్ల మీద అవ్వలు జనం దిగులు విని దారి వెతికించే ఈ ఫ్రెండ్‌షిప్ బెంచ్ ఆయన మొదలుపెట్టిందే. చూడ్డానికి బాగుంటుంది. కానీ అది చూసి "ప్రేమగా వింటే చాలు, డిప్రెషన్ అదే తగ్గిపోతుంది" అనుకుని ఎవరైనా ఓ బల్ల వేసి కూర్చుంటే నెల తిరక్కుండానే అది ఖాళీగా పడి ఉంటుంది. ఎందుకంటే ఆ బల్ల వెనక ఒక ప్రశ్నల కాగితం, ఒక ట్రైనింగ్, ఒక వరస, పై డాక్టరుకి పంపే ఏర్పాటు, ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో తేల్చుకోవడానికి ఆయన పెట్టిన పదేళ్లు ఉన్నాయి. అందుకే ఆయన కెరీర్‌ని స్ఫూర్తి కథలా కాకుండా పని నేర్చుకునే పుస్తకంలా చదువుదాం. ఇలాంటిది మొదలుపెట్టాలంటే ఏది ముందు, ఏది తరవాత అన్నదే ఇక్కడ విషయం.

ముందు అడ్డం ఎక్కడుందో చూడండి

2005లో జింబాబ్వేలో సైకియాట్రిస్టులు చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. జనాభా మాత్రం కోటికి పైనే. అప్పుడు చిబాండా దగ్గర వైద్యం చేయించుకుంటున్న 26 ఏళ్ల యువతి ఆత్మహత్య చేసుకుంది. మళ్లీ చూపించడానికి ఎందుకు తీసుకురాలేదని అడిగితే, బస్సు ఛార్జీకి 15 డాలర్లు లేవని తల్లి చెప్పింది. ఈ సంగతి ఆయనే వేదికల మీద చెప్పారు. డాక్టరు ఉన్నాడు, మందు ఉంది, వైద్యం చేయించాలన్న మనసు తల్లికీ ఉంది. అడ్డం పడింది బస్సు ఛార్జీ. దీనికి ఎంత మంచి ఆసుపత్రి కట్టినా జవాబు కాదు, మనిషి నడిచి రాగలిగినంత దూరంలో ఏదో ఒకటి ఉండాలి.

అదే ఏడాది ప్రభుత్వం మురంబత్స్వీనా పేరుతో నగరాల్లో గుడిసెలూ, అనుమతి లేని దుకాణాలూ కూల్చేసింది. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం సుమారు 7 లక్షల మంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నారు. రాజధాని హరారేలో కిక్కిరిసిన పాత పేట ఎంబారేకి చిబాండా వెళ్లింది ఆ దెబ్బ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే.

వెళ్లి అడిగితే ఇవ్వడానికి అక్కడ ఏమీ లేదు. నర్సులు వేరే పనుల్లో మునిగి ఉన్నారు, క్లినిక్‌లో ఒక్క గది కూడా ఖాళీ లేదు. ఆయన చేతికొచ్చింది 14 మంది అవ్వలు, కూర్చోవడానికి క్లినిక్ బయట ఆవరణ. బల్ల ఆలోచన అలా పుట్టింది, గది దొరక్క. తరవాత అందరూ దాన్ని గొప్ప డిజైన్ అన్నారనుకోండి, అది వేరే సంగతి. మీరు మొదలుపెట్టేటప్పుడు కూడా లేనివాటి జాబితా రాసుకుంటూ కూర్చోవద్దు. ఇప్పటికే జీతానికి పనిచేస్తూ జనం ఇళ్లకు వెళ్లొస్తున్న వాళ్లు ఎవరున్నారు, వాళ్ల రోజులో ఎంత ఖాళీ ఉంది అని అడగండి.

బల్ల మీద ఎవరు కూర్చోవాలి

ఆ 14 మంది ఊరికే దారిన పోయే ముసలమ్మలు కాదు. నగర ఆరోగ్య శాఖ కింద ఏళ్ల తరబడి టీకాల గురించీ, శుభ్రత గురించీ ఇల్లిల్లూ తిరిగి చెప్పినవాళ్లు. జనం వాళ్లని అంబుయా ఉతానో అంటారు, ఆరోగ్యం చూసే అవ్వలు అన్నమాట. సగటున 58 ఏళ్ల వయసు, ఎనిమిదో తరగతి దాకా చదువు. మొదట్లో చిబాండాకి కూడా వీళ్లతో ఏమవుతుందిలే అన్న అనుమానం ఉండేది. కానీ పేటలో ఎవరింట్లో ఏం జరుగుతోందో వాళ్లకి తెలుసు, ఎక్కడికీ వెళ్లిపోరు, వాళ్లు చెబితే కుర్రాళ్లు కూడా ఆగి వింటారు. చదువుకున్న కుర్ర కౌన్సెలర్‌కి మంచి ఉద్యోగం దొరికితే మర్నాడే వెళ్లిపోతాడు, అవ్వ ఎక్కడికి పోతుంది?

వాళ్లకి ఇచ్చిన ట్రైనింగ్ ఎనిమిది, తొమ్మిది రోజులు. అన్నిటికన్నా కష్టమైన పాఠం సలహా ఇవ్వకుండా ఉండటం. అరవై ఏళ్లు అందరికీ బుద్ధులు చెబుతూ బతికిన మనిషిని చెప్పకుండా ఆపడం మాటలు కాదు!

ఇక పేరు. చిబాండా మొదట దాన్ని మానసిక ఆరోగ్య బల్ల అన్నారు. అంతే, దాని మీద కూర్చోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. పదిమంది చూస్తుండగా "నాకు పిచ్చి" అని రాసి ఉన్న చోట ఎవరు కూర్చుంటారు? పేరు మార్చమన్నది అవ్వలే. అలా అది ఫ్రెండ్‌షిప్ బెంచ్ అయింది. అక్కడి షోనా భాషలో చిగారో చెకుపానమజానో, అంటే ఆలోచనలు పంచుకునే బల్ల. పేరు మీరు పెట్టకండి, కూర్చునేవాళ్లని పెట్టనివ్వండి.

పద్నాలుగు ప్రశ్నలు

కబుర్లలోకి దిగేముందు ఒక కాగితం ఉంటుంది. షోనా సింప్టమ్ క్వశ్చనేర్, పద్నాలుగు ప్రశ్నలు, అన్నిటికీ అవును, కాదు అనే జవాబులే. దాన్ని తయారు చేసినవాళ్లలో ముఖ్యుడు 1990లలో హరారేలో పనిచేసిన మన ముంబై డాక్టరు విక్రమ్ పటేల్. గడిచిన వారంలో ఎక్కువగా ఆలోచిస్తూ సతమతమయ్యావా, చిన్న విషయానికి కోపం వచ్చిందా, పీడకలలు వచ్చాయా, కడుపునొప్పి వచ్చిందా, నిద్ర పట్టలేదా, ఏడవాలనిపించిందా, పని వెనకబడిపోతోందా. ఇలా సాగుతుంది.

ఇందులో ఎక్కడా డిప్రెషన్ అన్న మాట ఉండదు. అక్కడి జనం తమ బాధని కుఫుంగిసీసా అంటారు, ఆలోచనలు ఎక్కువైపోవడం. ప్రశ్నలన్నీ ఆ మాట చుట్టూనే తిరుగుతాయి. వేరే భాషలో ఈ పని చేయాలంటే కాగితాన్ని అనువదిస్తే సరిపోదు, అక్కడి మనుషులు నిద్ర పట్టనప్పుడు ఏమని చెప్పుకుంటారో విని, మళ్లీ రాసి, డాక్టరు పరీక్షతో సరిపోల్చి చూడాలి. ఈ పనికి నెలలు పడుతుంది, ఫొటోలకి పనికిరాదు, అందుకే చాలామంది దాటేస్తారు.

బల్ల పనిచేస్తోందా అని తేల్చుకోవడానికి తరవాత హరారేలో జరిపిన ట్రయల్‌లో తొమ్మిది, అంతకు మించి అవునులు వచ్చినవాళ్లని తీసుకున్నారు. అయితే ఒక ప్రశ్నకి మార్కుల లెక్క లేదు. చనిపోవాలనిపించిందా అన్నదానికి అవును అంటే, మిగతా పదమూడూ కాదు అన్నా సరే, అవ్వ ఒక్కతే దాన్ని మోయకూడదు. వెంటనే పై సూపర్‌వైజర్‌కి చెప్పాలి, అక్కడి నుంచి నర్సుకో, సైకియాట్రిస్టుకో. ఎవరికీ కనిపించనివీ వినిపించనివీ కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి అన్నవాళ్ల సంగతీ అంతే. బల్ల మామూలు దిగులుకీ ఆందోళనకీ, అన్నిటికీ కాదు.

అసలు పని: మొదటి గంట

ఇది కాస్త నెమ్మదిగా చూద్దాం. ఎంబారే ముసికా మార్కెట్‌లో టమాటాలు అమ్ముకునే ఒకామె వచ్చిందనుకోండి. ప్రశ్నలకి పదకొండు అవునులు. మొదటి దశ కువూరా ఫుంగ్వా, మనసు తెరవడం. అవ్వ "ఏమైందమ్మా?" అని ఊరుకుంటుంది. ఆమె చెబుతుంది: భర్తకి పని పోయింది, రెండు నెలల అద్దె బాకీ, పెద్దాడి స్కూలు ఫీజు కట్టలేదని ఇంటికి పంపేశారు, తనకి హెచ్ఐవీ మందులు మొదలుపెట్టారు, ఆ మాట ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇది నేను అల్లిన ఉదాహరణే కానీ ఎక్కడి నుంచో తెచ్చింది కాదు, హరారే ట్రయల్‌లో చేరినవాళ్లలో నూటికి నలభై మందికి పైగా హెచ్ఐవీ ఉన్నవాళ్లే.

ఇప్పుడు అవ్వకి నోరు దురద పుడుతుంది. "ముందు మీ ఆయనకి చెప్పెయ్" అనాలనిపిస్తుంది. అనకూడదు. అన్నీ వరసగా చెప్పించి, "వీటిలో ఏది ముందు పట్టుకుందాం తల్లీ?" అని అడగాలి. ఆమె "పెద్దాడి ఫీజు, అంబుయా" అంటుంది. వినేవాళ్లకి అది అసలు సమస్యలా అనిపించదు, కానీ ఎంచుకోవాల్సింది ఆమె. ఎందుకంటే అన్నీ మీద పడి ఊపిరాడని మనిషికి "ఇదొక్కటి నా చేతిలో ఉంది" అనిపించడమే వైద్యంలో సగం.

రెండోది కుసిముద్జిరా, పైకి లేపడం. ఫీజుకి ఏమేం చేయొచ్చో ఆమె చేతే చెప్పించాలి. అక్కని అడగొచ్చు, హెడ్‌మాస్టర్‌ని వాయిదాలు అడగొచ్చు, ఓ నెల బడి మాన్పించొచ్చు. చెడ్డ దారి కూడా చెప్పనివ్వండి, వద్దని ఆమే తీసేస్తుంది. ఒకటి ఖాయమయ్యాక దాన్ని ఎంత చిన్నగా కోయాలంటే, తప్పించుకోవడానికి సందు ఉండకూడదు. హెడ్‌మాస్టర్‌ని అడుగుతాను అంటే చాలదు. ఏ రోజు? గురువారం. ఎన్నింటికి? బడి మొదలయ్యే ముందు. అప్పుడు టమాటాలు ఎవరు చూస్తారు? పక్క గంప ఆమె. వెళ్లి ఏమంటావు, ఒకసారి నాతో అను. ఆమె అంటుంది, గొంతు వణుకుతుంది, మళ్లీ అంటుంది. కాదంటే? అప్పుడు అక్క దగ్గరికి. ఇదంతా కాగితం మీద పెట్టుకుంటారు.

మూడోది కుసింబీసా, గట్టిపరచడం. నువ్వు ఒంటరివి కాదు, వచ్చే వారం ఇదే బల్ల మీద నేనుంటాను అన్న భరోసా. మొదటిసారి గంట దాకా పడుతుంది, తరవాతివి అంతకన్నా తక్కువ, మొత్తం ఆరు. రెండో వారం వచ్చి "హెడ్‌మాస్టర్ కాదన్నాడు" అంటే అది ఓటమి కాదు, జాబితాలో రెండోదానికి వెళ్లడమే. భర్తకి చెప్పడం అన్నది మూడో వారమో నాలుగో వారమో ఆమె నోటి నుంచే రావొచ్చు, రాకపోవచ్చు కూడా.

ఆరు వారాల మధ్యలో, తరవాత

రానివాళ్లని వదిలేయకూడదు. ఫోన్ చేస్తారు, మెసేజ్ పెడతారు, అవసరమైతే ఇంటికి వెళ్తారు. ఆరూ అయ్యాక కుబతానా తోసే అనే బృందంలోకి పిలుస్తారు, చేతులు పట్టుకుని అందరం అని అర్థం. అక్కడ పాత ప్లాస్టిక్ పట్టీలతో సంచులు అల్లడం నేర్పుతారు, అమ్మితే నాలుగు డబ్బులొస్తాయి. చేతులు పనిలో ఉంటే మాట సులువుగా వస్తుందని అల్లికలు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. డబ్బులే కష్టాలకి మూలమైన చోట ఒట్టి మాటలతో ఎంత దూరం వెళ్తాం అని గొణిగేవాళ్లకి ఇది కొంత జవాబు. పూర్తి జవాబు కాదు. అద్దె పెంచే యజమానిని ఏ బల్లా ఆపలేదు.

అవ్వల సంగతి కూడా చూడాలి. రోజూ ఇంతమంది గోడు వినడం తేలికేం కాదు. అందుకని వాళ్లూ ఒకచోట కూర్చుని కష్టమైన కేసులు మాట్లాడుకునే ఏర్పాటు, పైన సూపర్‌వైజర్లు ఉండాలి. నిధులు తగ్గగానే మొదట కోసేసేది ఇదే, కోయకండి.

పనిచేస్తోందని ఎలా తేల్చారు

చిబాండాని మిగతా మంచిమనుషుల నుంచి వేరు చేసేది ఇక్కడే. మొదటి విడతలో కనీసం మూడుసార్లు బల్ల మీద కూర్చున్న 320 మందిలో, ఆ పద్నాలుగు ప్రశ్నల సగటు స్కోరు 11.3 నుంచి 6.5కి దిగింది. బాగుంది కదా అని చప్పట్లు కొట్టించుకోవచ్చు. కానీ బల్ల లేకపోయినా కొందరు వాళ్లంతట వాళ్లే తేరుకునేవారేమో? అందుకని హరారేలో 24 క్లినిక్‌లని లాటరీలా రెండుగా విడదీశారు. సగం చోట్ల బల్ల, మిగతా సగంలో నర్సు చూడటం, అవసరమైతే మందులు. మొత్తం 573 మంది. ఆరు నెలలకి డిప్రెషన్ లక్షణాలు బల్ల వైపు 13.7 శాతం మందిలో, రెండో వైపు 49.9 శాతం మందిలో కనిపించాయి. 2016 డిసెంబర్‌లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చింది ఇదే. బల్ల గురించి లోకమంతా మాట్లాడటం మొదలైంది ఆ తరవాతే. మీ పనికి ఇంత పెద్ద ట్రయల్ కుదరకపోవచ్చు, కనీసం మొదటి రోజు స్కోరు, చివరి రోజు స్కోరు, మధ్యలో మానేసినవాళ్ల లెక్క రాసి పెట్టుకోండి. మానేసినవాళ్ల లెక్క ముఖ్యం, దాన్నే అందరూ దాస్తారు.

వేరే చోటికి తీసుకెళ్తే

మలావీలో పెద్ద వయసు ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ కూర్చున్నారు, జాంజిబార్‌లో కుర్రవాళ్లు కూర్చున్నారు. న్యూయార్క్‌లో పెద్ద పెద్ద నారింజ రంగు బల్లలు వేసి, మానసిక సమస్యలూ వ్యసనాలూ తామే దాటొచ్చినవాళ్లని కూర్చోబెట్టారు. అంటే అవ్వే ఉండాలన్న రూల్ లేదు, ఆ చోట నమ్మకం ఎవరి మీద ఉందో వాళ్లుండాలి. మారకూడనివి వేరే: జనం మాటల్లో ప్రశ్నలు, సమస్యని వచ్చిన మనిషే ఎంచుకోవడం, ప్రమాదంలో ఉన్నవాళ్లని ఆ రోజే పైకి పంపడం. ఈ చివరిదానికి ముందే ఒక డాక్టరుతోనో నర్సుతోనో మాట్లాడి, మధ్యాహ్నం నాలుగింటికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో, మనిషిని ఎక్కడికి ఎలా చేర్చాలో, ఆ బండి ఖర్చు ఎవరిదో తేల్చుకోండి. అది తేలాకే బల్లకి చెక్క కొనండి.