కొండలో దోవ తప్పితే నీళ్ళ వెంబడి మాత్రం దిగొద్దు

మొన్న మళ్ళీ ఒక బ్యాచ్. శేషాచలం అడివిలో దోవ తప్పి రాత్రంతా లోపలే ఉండిపోయినారు, తెల్లారినాక తాళ్ళేసి పైకి లాగాల్సొచ్చింది. వాట్సాప్‌లో ఆ వీడియో చూసినప్పట్నించి నాకు కడుపులో అదో మాదిరిగా ఉంది, ఎందుకంటే ఆ పిలగాళ్ళు నిలబడుండే బండలాంటి బండ మీదే నేనూ ఒక రాత్రంతా వణుక్కుంటా కూర్చోనుండా.

కార్తీకం వస్తా ఉంది. మన తిరుపతి, చిత్తూరు సైడు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే కదా, కోనలన్నీ నిండుతాయి, రీల్స్ చూసి బెంగుళూరు, మద్రాసు నుంచి కూడా పెద్ద పెద్ద బ్యాగులేసుకుని రెండు రోజులు మూడు రోజులు అని వచ్చేస్తారు. మంచి షూ వేసుకోండి, టార్చ్ మర్చిపోవద్దు, ఇట్లాంటివి నేను చెప్పను, యాడైనా దొరుకుతాయి. నేను చెప్పేది ఒకే ఒక్క తప్పు గురించి. దోవ తప్పినప్పుడు నీళ్ళ వెంబడి కిందికి దిగొద్దు.

నీళ్ళు పల్లానికే పోతాయి, పల్లంలో ఊరుంటుంది, కాబట్టి వంక, అంటే కొండ వాగు, పట్టుకుని దిగితే ఊరొచ్చేస్తుంది అని ఎవరో మనందరికీ చిన్నప్పుడే చెప్పేసుంటారు. మైదానంలో అది కరెక్టే. మన కొండల్లో కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో పోయేటప్పుడు చూసుంటారు, పొరలు పొరలుగా, కత్తితో కోసినట్టు నిలువుగా నిలబడుండే రాయి. కొండంతా అట్లాంటి మెట్లే. నీళ్ళు ఆ మెట్ల మీద నడిచి పోవు, దూకుతాయి. తలకోన 270 అడుగులు అంటాం కదా, అది కింద నిలబడి చూసేవాళ్ళ లెక్క. పైనుంచి అట్లాంటి చోటు ఎట్లుంటుందంటే, వంక మీ ముందర బుద్ధిగా పోతా పోతా ఉన్నట్టుండి ఆకాశంలో కలిసిపోయినట్టు ఉంటుంది, అంతే. అంచు దాకా పోతేగానీ లోతు కనపడదు.

మాది మూడు రోజుల ప్లాన్. మొదటి రోజు పల్లె నుంచి ఒక అన్న దోవ చూపించేదానికి వచ్చినాడు, రెండో రోజు కూలి మిగుల్తుందని ఆయన్ని పంపించేసినాం, అదెంత తెలివైన పనో సాయంత్రానికి తెలిసింది. మధ్యాన్నం మూడుకల్లా తలెత్తు బోద గడ్డిలో కాలిదోవ మాయమైపోయింది, వచ్చిన దోవే ఎక్కాలంటే గంటన్నర, కాళ్ళు పీకుతా ఉండాయి, కిందెక్కడో నీళ్ళ శబ్దం. దిగినాం. మొదటి బండ పది అడుగులుంటుంది, పిర్రల మీద జారినాం, నవ్వుకున్నాం కూడా. రెండోదీ అంతే. మూడోదాని దగ్గర మావోడొకడు బరువెందుకు మామా అని బ్యాగు ముందు కింద పడేసినాడు. దాన్లో పులిహోర పెట్టుకున్న స్టీలు టిఫిన్ బాక్సుంది. ఠంగ్ అనింది, ఇంకోసారి ఠంగ్ అనింది, తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు కింద నీళ్ళలో పడిన శబ్దం.

ముందుకి పోలేం. వెనక్కి చూస్తే జారిన బండలు పాచి పట్టి గాజు మాదిరి, పట్టుకునేదానికి ఒక్క వేరు కూడా లేదు. దిగేది జారితే చాలు, ఎక్కాలంటే పట్టు కావాల. ఇద్దరు కాళ్ళు చాపుకునేంత చోటులో నలుగురం రాత్రంతా. పొద్దున ఆ అన్నే పల్లె నుంచి ఇంకో ముగ్గుర్ని, తాడునీ తీసుకుని వెతుక్కుంటా వచ్చినాడు. పైనుంచి ఆయన అన్న మొదటి మాట, "ఎవుర్రా మిమ్మల్ని వంకలో దిగమనింది?"

కాబట్టి దోవ తప్పింది అని తెలిసిన నిమిషంలో ఆగండి. చివరిగా కచ్చితంగా దోవ అని తెలిసిన చోటికి, కాళ్ళు నొప్పైనా, ఎక్కి రండి. అదీ కుదరకపోతే వంకకి దూరంగా కొండ గట్టు మీద, తెరిపిగా ఉండే చోట కూర్చోండి, సిగ్నల్ దొరికేదీ, మీరు వేరేవాళ్ళకి కనపడేదీ అక్కడే. వంకలో నీళ్ళ హోరుకి మీ అరుపు మీకే వినపడదు.

పోయే ముందు ఫారెస్టోళ్ళ దగ్గర పర్మిషన్ తీసుకోండి. రూల్ అని చెప్పడంలా. దొంగగా పోయినోళ్ళు దోవ తప్పినాక ఫోన్ చేసేదానికి భయపడతారు, కేసు పెడతారేమో అని రెండు గంటలు వాళ్ళలో వాళ్ళే గొణుక్కుంటారు, ఆ రెండు గంటల్లో చీకటి పడిపోతుంది. పైగా అది ఎర్రచందనం అడివి, రాత్రిపూట బ్యాగులేసుకుని తిరిగేవాళ్ళని చూసి ఎవరేమనుకుంటారో మీరే ఆలోచించుకోండి.

తిరుమల కొండల్లో తుంబురు తీర్థం ముక్కోటికి (ఏటా అక్కడ జరిగే తీర్థ స్నానాల పండగ) పోయొచ్చినా, నాకు దోవ తెలుసు అనేవాణ్ణి నమ్మొద్దు. ఫాల్గుణ పౌర్ణమికి వేల మంది పోతారు, ముందోడి వీపు చూసుకుంటా నడిస్తే చాలు. మామూలు రోజు ఆ వీపు ఉండదు.

నడిచేటప్పుడు టైం చూసుకోండి. నవంబర్లో సాయంత్రం అయిదున్నర దాటితే పొద్దుగూకుతుంది, కోన లోపల నాలుగున్నరకే మసక. మధ్యాన్నం ఒంటి గంటకి యాడుంటే ఆడ్నించి వెనక్కి తిరగండి, ఫాల్స్ వంద అడుగుల దూరంలో ఉన్నా సరే. రాత్రి ఉండే ప్లాన్ అయితే ఒంటి గంటకి నడక ఆపి టెంట్ చోటు చూసుకోండి, వంక పక్కన కాదు, పైన.

వంక దాటేటప్పుడు మీ నెత్తిన ఎండ ఉంది కదా అనుకోవద్దు, పైన కొండలో కురిసిన వాన మీ దగ్గరికి తర్వాత వస్తుంది. నీళ్ళు ఎర్రబడినా, ఆకులు పుల్లలు కొట్టుకొచ్చినా వెంటనే గట్టెక్కండి. 2021 నవంబర్ వానకి తిరుమలకి నడిచిపోయే శ్రీవారి మెట్టు దోవే దెబ్బతినింది, కట్టిన మెట్లకే దిక్కు లేదు, మీరెంత.

ఇంక గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాస్తా.

బ్యాగు కింద పడేయొద్దు. అది కింద పడినాక మీరూ దిగాల్సిందే అనిపిస్తుంది.

తాడు లేకుండా ఎక్కి చూపించలేని బండ దిగొద్దు. రెండడుగులు ఎక్కి చూడండి ముందు.

ఎవర్నీ ఒంటరిగా దోవ వెతకమని పంపొద్దు.

గుండంలో దూకొద్దు. ఈతొచ్చినా.

ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, బ్యాటరీ మిగుల్తుంది, టవర్ సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పని చేస్తుంది, నడిచిన దోవ రికార్డ్ చేసుకోండి.

మీ సిమ్‌కి టవర్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112 కలుస్తుంది. మీ సిమ్‌కే కొంచెం సిగ్నల్ ఉండి కాల్ తెగిపోతా ఉంటే, మ్యాప్‌లో కనపడే లొకేషన్ నంబర్లు ఇంట్లోవాళ్ళకి మెసేజ్ కొట్టండి.

పొడి చొక్కా ఒకటి కవర్లో కట్టి పెట్టుకోండి, రాత్రి తడి బట్టల్లో గాలి కొడితే ఏడుపొస్తుంది.

చెనిక్కాయ ఉండలు, ఉప్పు, ఓఆర్ఎస్ మీ జేబులో ఉండాల, పక్కోడి బ్యాగులో కాదు.

మందు వద్దు. వాదించొద్దు.

నీళ్ళ వెంబడి దిగొద్దు.

ఇంటికొచ్చినాక పది రోజులకో రెండు వారాలకో జ్వరం పట్టుకుంటే అడివిలో తిరిగొచ్చినా అని డాక్టర్‌కి ముందే చెప్పండి. చంకలోనో నడుం దగ్గరో సిగరెట్టుతో కాల్చినట్టు నల్ల మచ్చ ఉందేమో చూసుకోండి, అది స్క్రబ్ టైఫస్, అంటే పొదల్లో ఉండే సన్న పురుగు కుడితే వచ్చే జ్వరం, కావచ్చు, తొందరగా చెప్తే డాక్టర్ ఇచ్చే యాంటీబయాటిక్ మాత్రలకే తగ్గిపోతుంది.